బంతి కొట్టని అమ్మాయిని చూడండి: మహిళల డబుల్స్ ఎలా ఆడతారు?

[దృశ్యం: నెల్లూరు, ఉదయం ఆరున్నర. టెన్నిస్ కోర్టులో నలుగురు అమ్మాయిలు. ఒక పాయింటు మొదటి నుంచి చివరి వరకు, మాటలు లేకుండా.]

ఇప్పుడు చూసిన పాయింటులో మీ కన్ను ఎక్కడ ఉంది? బంతి మీదే ఉండి ఉంటుంది. బంతి ఇటు వస్తే తల ఇటు, అటు పోతే అటు. సింగిల్స్ చూడడానికి అది చాలు. డబుల్స్‌కు చాలదు. డబుల్స్‌లో సగం ఆట బంతికి దూరంగా, ఆ క్షణంలో రాకెట్ ఊపని మనిషి దగ్గర జరుగుతుంది. ఆ మనిషిని ఎలా చూడాలో ఈ వీడియోలో చెబుతాను.

[దృశ్యం: కోర్టు పక్క గీతలు, బాగా దగ్గరగా. సున్నం మీద బంతి పడిన మచ్చ.]

కోర్టుకు రెండు వైపులా రెండేసి గీతలు కనిపిస్తున్నాయి కదా. లోపలి గీత సింగిల్స్‌కు, బయటి గీత డబుల్స్‌కు. వాటి మధ్య పట్టీ నాలుగున్నర అడుగులు. సింగిల్స్‌లో కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌లో 36. పొడవు రెండింటికీ 78 అడుగులే. సర్వీస్, అంటే పాయింటు మొదలుపెట్టే దెబ్బ, పడవలసిన గడి కూడా మారదు.

అంటే 27 అడుగులు ఒక్కరే కాచుకునే చోట, డబుల్స్‌లో తలా 18 అడుగులు కాచుకుంటే సరిపోతుంది. ఈ లెక్కన డబుల్స్ తేలిక కావాలి. కానీ ఇద్దరు నిలబడిన చోట సింగిల్స్‌లో లేని కొత్త జాగా ఒకటి పుడుతుంది. అది ఇద్దరి మధ్య ఖాళీ.

మన వైపు వరి నాట్లు చూసే ఉంటారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి, వంగి, వెనక్కి అడుగులు వేస్తూ నాటుకుంటూ వస్తారు. ఎవరి ముందున్న జాగా వారిది. మరి పక్కపక్కన ఉన్న ఇద్దరి మధ్య ఆ జానెడు ఎవరిది? అలవాటైన చేతులు దాని గురించి మాట్లాడుకోవు. ఎవరి చెయ్యి ముందు అందితే వారు నారు గుచ్చేస్తారు. కొత్తగా వచ్చిన మనిషి పక్కనే ఖాళీలు మిగిలిపోతాయి. డబుల్స్ జోడీ కుదరడం అంటే నాకు గుర్తుకొచ్చేది అదే.

[దృశ్యం: వేగం తగ్గించి. అక్కాచెల్లెళ్ల జోడీ. బంతి ఇద్దరి మధ్య నుంచి వెళ్లిపోతుంది. ఇద్దరి రాకెట్లూ సగం లేచి ఆగిపోయాయి.]

ఈ అక్కాచెల్లెళ్లు కలిసి ఆడడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. ఇద్దరికీ చెయ్యి అందేంత దగ్గరగానే వెళ్లింది బంతి. తరువాత మాటలు వినండి.

— నీదనుకున్నానక్కా.
— నేను నీదనుకున్నాను.

ప్రపంచ స్థాయి జోడీలకు కూడా ఇలా జరుగుతుంది. అందుకే ఎదుటివారు బంతిని తరచు మధ్యకే కొడతారు. పైగా నెట్ ఎత్తు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులైతే, నడుమ మూడు అడుగులే. బంతి దాటడానికి అదే సులువైన దారి.

[దృశ్యం: నెట్ దగ్గర నిలబడిన చెల్లెలు, వెనుక నుంచి. ఎడమ చేతిలో రాకెట్, కుడి చెయ్యి వీపు వెనుక, పిడికిలి బిగించి ఉంది.]

ఇక్కడ ఆపుదాం. సర్వీస్ చేయబోయేది అక్క. చెల్లెలు నెట్ దగ్గర ఉంది. ఆ పిడికిలి చూశారా? అది అక్కకు కబురు. పిడికిలి బిగిస్తే 'నా చోటే ఉంటాను', అరచెయ్యి తెరిస్తే 'అటు దూకుతాను'. ఇది ఈ జోడీ పెట్టుకున్న గుర్తు. ఏ జోడీ గుర్తులు ఆ జోడీవి. బంతి ఎటు వెయ్యాలో కూడా కొందరు వేళ్లతోనే చెప్పుకుంటారు.

సర్వీస్ పడగానే చెల్లెలు ఇటు నుంచి అటు దూకి, అక్క వైపు రావలసిన రిటర్న్‌ను, అంటే ఎదుటివారు తిప్పి కొట్టిన బంతిని, మధ్యలోనే అందుకుంటే పాయింటు దాదాపు అక్కడే తెగిపోతుంది. దూకకపోయినా లాభం ఉంది. రిటర్న్ చేసే అమ్మాయి ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను చెల్లెలి మీద వేయక తప్పదు. ఈసారి దూకుతుందేమో అన్న అనుమానంతో బంతిని ఇంకాస్త పక్కకు, ఇంకాస్త గట్టిగా కొట్టబోతుంది. బంతి బయట పడుతుంది. లెక్కలో అది రిటర్న్ చేసిన అమ్మాయి తప్పు. సంపాదించింది మాత్రం రాకెట్ ఊపని చెల్లెలు.

కొందరు ఇంకో ఎత్తు వేస్తారు. నెట్ దగ్గరి మనిషి కోర్టు నడిమి గీత దగ్గర దాదాపు మోకాళ్ల మీదకు వంగిపోతుంది. వెనుక నుంచి భాగస్వామి సర్వీస్ ఆమె తల మీదుగా దూసుకుపోతుంది. ఆ తరువాత ఆమె కుడికి లేస్తుందో, ఎడమకు లేస్తుందో ఎదుటివారికి తెలియదు. వెనుక నుంచి బంతి వస్తుంటే తల ఎత్తకుండా ఉండాలంటే ఆ భాగస్వామి చేతి మీద ఎంత నమ్మకం ఉండాలో చూడండి. ఆ బంతి పొరపాటున సొంత మనిషికే తగిలితే అది ఫాల్ట్, అంటే చెల్లని సర్వీస్.

[దృశ్యం: పటం. నెల్లూరు నుంచి చెన్నైకి రైలు గీత.]

ఇప్పుడు అసలు టోర్నమెంటులోకి వెళదాం. మనకు దగ్గరలోనే జరిగింది. పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి దిగిపోయే చెన్నైలో, నుంగంబాక్కం స్టేడియంలో, 2022 సెప్టెంబరులో మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘమైన డబ్ల్యూటీఏ వారి 250 స్థాయి చెన్నై ఓపెన్ ఆడారు. ఈ స్థాయిలో డబుల్స్ డ్రా, అంటే పోటీ పట్టిక, మామూలుగా 16 జోడీలది. తొలి రౌండ్, క్వార్టర్ ఫైనల్, సెమీస్, ఫైనల్. నాలుగు గెలిస్తే టైటిల్. డ్రాలో చోటు దొరకడానికి ప్రధానంగా చూసేది ఇద్దరి ర్యాంకులనూ కలిపితే వచ్చే మొత్తం. ఆ మొత్తం ఎంత తక్కువైతే అంత మంచిది. ర్యాంకు జోడీకి ఉండదు, ఎవరిది వారికే.

ఆ టోర్నీలో కెనడాకు చెందిన గాబ్రియెలా డబ్రౌస్కీ, బ్రెజిల్‌కు చెందిన లూయిసా స్టెఫానీ కలిసి ఆడారు. వాళ్ల కథ చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సరిగ్గా ఏడాది ముందు, 2021 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో ఇదే జోడీ. తొలి సెట్ 6-6 అయ్యాక, దాన్ని తేల్చే టైబ్రేక్‌లో స్టెఫానీ మోకాలు దెబ్బతింది. వీల్‌చైర్‌లో బయటకు తీసుకువెళ్లారు. మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. అంతకు నెల ముందే ఆమె టోక్యో ఒలింపిక్స్‌లో లారా పిగోసీతో కలిసి బ్రెజిల్‌కు టెన్నిస్‌లో తొలి పతకం తెచ్చింది. డబ్రౌస్కీ వేరే భాగస్వాములతో ఆడుతూ వచ్చింది. స్టెఫానీ ఏడాదికి మళ్లీ కోర్టులోకి దిగిన తొలి టోర్నీ ఈ చెన్నై. పక్కన నిలబడింది, ఆ రోజు ఆమె పడిపోవడం చూసిన డబ్రౌస్కీనే. ఫైనల్లో అన్నా బ్లింకోవా, నటేలా జలమిద్జె జోడీని 6-1, 6-2తో గెలిచారు. ఏడాది విరామం తరువాత కూడా నడిమి బంతి ఎవరిదో వాళ్లకు మళ్లీ నేర్పవలసి రాలేదన్నమాట.

[దృశ్యం: స్కోరు బోర్డు, 40-40.]

స్కోరు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇలాంటి టోర్నీల డబుల్స్‌లో 40-40 దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, అంటే రెండు పాయింట్ల తేడాతో గెలవనక్కర్లేదు. ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. ఆ సర్వీస్‌ను ఎవరు ఎదుర్కోవాలో రిటర్న్ జోడీయే ఎంచుకుంటుంది. చెరో సెట్ గెలిస్తే మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్. మ్యాచ్ త్వరగా ముగుస్తుంది, సమయం అదుపులో ఉంటుంది. ఆ ఒక్క పాయింటులోని ఉత్కంఠ నాకు చాలా ఇష్టం. మూడో సెట్ తీసేయడం మాత్రం నాకు నచ్చదు. ఎందుకో చెబుతాను.

[దృశ్యం: నల్లని తెర మీద అంకెలు మాత్రమే: 2-5.]

2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్. మన సానియా మీర్జా, స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్ ఒకవైపు. రష్యా జోడీ ఎకటరీనా మకరోవా, ఎలెనా వెస్నినా మరోవైపు. గ్రాండ్‌స్లామ్‌లో, అంటే వింబుల్డన్ లాంటి నాలుగు పెద్ద టోర్నీలలో, మూడో సెట్ పూర్తిగా ఆడతారు. తొలి సెట్ 5-7తో పోయింది. రెండోది 7-6తో దక్కింది. మూడో సెట్లో సానియా జోడీ 2-5తో వెనుకబడింది. ఇంకొక్క గేమ్ పోతే అంతే. అక్కడి నుంచి వరుసగా మూడు గేములు గెలిచి 5-5కు తెచ్చారు. చీకటి పడుతుండడంతో ఆట ఆపి, పైకప్పు మూసి, దీపాలు వేశారు. తిరిగి వచ్చి మిగిలిన రెండు గేములూ గెలిచారు. 7-5.

మహిళల డబుల్స్‌లో సానియాకు అదే తొలి గ్రాండ్‌స్లామ్. ఆమె తొలి డబ్ల్యూటీఏ టైటిల్ కూడా డబుల్స్‌లోనే వచ్చింది. 2004లో, హైదరాబాద్‌లో, లీజెల్ హ్యూబర్‌తో. వెనుక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ ఎదుటివారిని అదరగొడుతుంటే, నెట్ దగ్గర హింగిస్ చేతులు బంతి రాకముందే దాని దారి కాసేవి. ఆ తరువాత ఇద్దరూ కలిసి వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు.

[దృశ్యం: మళ్లీ నెల్లూరు కోర్టు. ఎండ పైకి వచ్చింది.]

మొదట చూపిన పాయింటునే మళ్లీ వేస్తున్నాను. ఈసారి బంతిని వదిలేయండి. నెట్ దగ్గరున్న చెల్లెలి కుడి చేతిని చూడండి. తెరిచి ఉంది. అక్క తల ఊపింది. సర్వీస్. చెల్లెలి కుడి మడమ లేచింది... ఇప్పుడు.

[అదే పాయింటు, వేగం తగ్గించి. చెల్లెలు నడిమి గీత దాటి బంతిని అందుకుంటుంది. అక్క అప్పటికే చెల్లెలు ఖాళీ చేసిన వైపుకు చేరి ఉంది.]