ధర్మంలో తొమ్మిది ఎందుకొచ్చింది?

సభలో ఉన్న పెద్దలకూ, కాలేజీ పిల్లలకూ నమస్కారం.

నెల్లూరులో నిలబడి తిక్కనగారి కవిత్వం గురించి చెప్పే సాహసం నేను చెయ్యను. ఆయన రాసిన భారతం పదిహేను పర్వాలను కంప్యూటర్లోకి ఎక్కించబోయి మేం పడ్డ తిప్పలు మాత్రం చెబుతాను.

మొదటి తిప్పలు ‘ధర్మం’తోనే. పాత ముద్రణల్లో మ రాసి, పక్కన వలపలగిలక పెడితే ‘ర్మ’ అని చదువుకోవాలి. ఆ గిలక చూడ్డానికి అచ్చం తెలుగు తొమ్మిదే. స్కాన్ చేసిన పేజీని అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌కు ఈ మర్యాద ఎవరు నేర్పారు? ‘ధమ౯ము’ అని ఇచ్చింది. మా కుర్రాళ్లు అంకెలన్నీ చెత్త అనుకుని ఒక్క దెబ్బతో తుడిచేశారు. ‘ధమము’ మిగిలింది. భారతంలో ధర్మం అని వెతికితే చాలాచోట్ల దొరకలేదు!

మమ్మల్ని గట్టెక్కించింది ఛందస్సు. ‘ధర్మము’ ఒక గురువు, రెండు లఘువులు, అంటే భగణం. ‘ధమము’ మూడూ లఘువులే, నగణం. ఉత్పలమాల మొదట్లో భగణం ఉండి తీరాలి. గణాలు లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం రాస్తే తప్పున్న పాదాలు వాటంతటవే బయటపడ్డాయి. ఓసీఆర్ ఱ ను ర చేసిన చోట్ల ప్రాస, అంటే అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావాలన్న నియమం, పట్టిచ్చింది, ఆ రెంటికీ ప్రాస కుదరదని లాక్షణికులు ఎప్పుడో చెప్పారు కదా. తిక్కనగారు తన పద్యానికి కాపలా కూడా తానే పెట్టి వెళ్లారు.

ఈ కాపలా తాటాకుకే కాదు, రాతికీ ఉంది. క్రీ.శ. 848 నాటి అద్దంకి పండరంగని శాసనంలో ఉన్నది తరువోజ అనే పద్యం. ‘పట్టంబు గట్టిన’ అని మొదలవుతుంది, తర్వాత ‘కట్టెపు దుర్గంబు’ వస్తుంది, మన కందుకూరు పేరూ వస్తుంది. నాలుగు పాదాల్లో ఎక్కడ రెండో అక్షరం అరిగినా అక్కడ ‘ట్ట’ ఉండాలని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

వచన శాసనాలకు ఆ అదృష్టం లేదు. మన నెల్లూరునేలిన చోడ రాజులనే తీసుకోండి. చోఴ, చోడ, చోళ ముగ్గురూ ఒకటేనని మనకు తెలుసు, యంత్రానికి ముగ్గురు వేరు మనుషులు. ఆ ‘ఴ’ అక్షరానికి కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే పట్టిక యూనికోడ్‌లో, తెలుగు వరుసలో, చోటు దొరికిందే 2014లో. కొన్ని ఫోన్లలో ఇప్పటికీ డబ్బా కనిపిస్తుంది. ఈ జిల్లాలో తమిళ శాసనాలు బోలెడు. తమిళ లిపిలో గ, డ లకు వేరే అక్షరాలుండవు కాబట్టి ఆ చోడ రాజుల్లోని గండగోపాలుడు ‘కంటకోపాలన్’ అవుతాడు. ‘గండగోపాల’ అని కొట్టి ‘దొరకలేదు’ అని వ్యాసం రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు నేనూ రాశాననుకోండి.

ఫొటో సంగతి ఒకటి చెప్పాలి. కావలి వైపు ఒక ఊరి గుడికి మధ్యాహ్నం పూట ఖరీదైన కెమెరా మోసుకెళ్లాం. రాయి నున్నగా, బోసిగా ఉంది. పూజారిగారు నవ్వి, ‘ఇప్పుడేం కనపడదబ్బయా, పొద్దు గూకేటప్పుడు రా, అక్షరాలు లేస్తాయి’ అన్నారు. నిజంగానే ఏటవాలు ఎండ పడేసరికి గాట్లలో నీడ నిలబడి పంక్తులు లేచాయి. దీపాన్ని చుట్టూ తిప్పుతూ పదుల ఫొటోలు తీసి, వాటిని కలిపి రాతిని చదివే పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. ఆయన ఎండతో చేసింది అదే. ఆ మరుసటి ఏడు తిరునాళ్లకని ఆ రాతికి ఎవరో ఆయిల్ పెయింట్ కొట్టారు. ఇక మాకు మిగిలింది ఆ సాయంత్రపు ఫొటోలే.

అవే ఇప్పుడు తెర మీద వేస్తున్నాను. గుడికి ఇచ్చిన పొలం హద్దులు ఇవి. తూర్పున చెరువు, దక్షిణాన బాట, అంతవరకు తేలింది. పడమట ఒక చేను పేరుంది, మొదటి అక్షరం పోయింది, చివర ‘గుంట’ అని స్పష్టం. యంత్రం ఏమీ తేల్చలేదు. కావలి, కందుకూరు పక్క నుంచి వచ్చినవాళ్లు ముందుకొచ్చి చూడండి. మీ ఊళ్లో ఇలాంటి పేరున్న చేను ఏదైనా ఉందా?