ముక్కున్నవాళ్ల మీద కేసులు

(ఆగస్టు 6, హిరోషిమా దినం నాడు నరసాపురం దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. కరెంటు ఇప్పుడే పోయింది. అణువిద్యుత్తు గురించి మాట్లాడ్డానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. మైకు లేదు కాబట్టి వెనక బెంచీల వాళ్లు కాస్త ముందుకి జరగాలి.

నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. ముప్పయ్యేళ్లుగా నల్లకోటు తగిలించుకుని ఈ చుట్టుపక్కల కోర్టుల్లో వాయిదాలకి తిరుగుతున్నాను. హిరోషిమా మీద మాట్లాడమని గ్రంథాలయం కమిటీవాళ్లు వస్తే, నాకేం తెలుసండీ అన్నాను. "మీకు తెలిసిందే చెప్పండి, కేసుల గురించే చెప్పండి" అన్నారు. సరే, ఒక సీసాతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట ఈ డెల్టాలోనే ఒకచోట ఒక ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఏ ప్రాజెక్టు, ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, కుర్చీల కంటే ఎక్కువమంది పోలీసులు వచ్చారు. ఆ సభకి ఒక పెద్దావిడ వచ్చింది. నాట్లకీ కోతలకీ కూలికెళ్లే మనిషి. ఇంటి వెనక మురుగు కాలువలో నీళ్లు అరలీటరు కూల్‌డ్రింకు సీసాలో పట్టి, కొంగులో చుట్టుకుని తెచ్చింది. ఎంతసేపు చూసినా ఆవిడ దాకా మైకు రాలేదు. తిన్నగా వేదిక దగ్గరికి నడిచి, మూత తీసి, అధికారి ముందు బల్ల మీద పెట్టింది. "వాసన చూడండి బాబూ" అంది.

ఆ తర్వాత తోపులాట. బల్ల ఒరిగింది, కొన్ని నీళ్లు ఫైళ్ల మీద పడ్డాయి. సాయంత్రానికి ఎఫ్ఐఆర్ తయారైంది. చట్టవిరుద్ధంగా గుమిగూడారు, ఉద్యోగి విధులకి ఆటంకం కలిగించారు, బెదిరించారు. ఆవిడ ఏ-14, అంటే పద్నాలుగో ముద్దాయి. సీసా ఎం.వో.1, అంటే కేసులో మొదటి వస్తువు. పంచనామాలో దాని గురించి ఏం రాశారంటే, "నల్లటి రంగు గల గుర్తు తెలియని ద్రవం."

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఊళ్లో చిన్నపిల్లలకి కూడా గుర్తు తెలిసిన ద్రవమండీ అది. దాన్ని ల్యాబుకి పంపించమని పిటిషను వేశాను. అక్కర్లేదన్నారు. ఇది నీళ్ల కేసు కాదట, గొడవ కేసట.

హిరోషిమా రోజున ఈ మురుగు కాలువ గోల ఏమిటని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. వస్తున్నాను.

కోనసీమలో నగరం అనే ఊరి సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27, తెల్లవారుజాము. గెయిల్ గ్యాస్ పైపులైను పేలి మామిడికుదురు మండలంలో ఇరవై మందికి పైగా కాలిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అంతకు పంతొమ్మిదేళ్ల ముందు, 1995 జనవరిలో, పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. చేత్తో చమురు బావుల మ్యాపు గీయగలిగినవాళ్లం మనం. అయితే నగరంలో ఒక చిన్న విషయం గమనించండి. మన వంటింటి గ్యాస్‌కి వాసన ఉంటుంది కదా, అది గ్యాస్ సొంత వాసన కాదు. లీకైతే ముక్కుకి తెలియాలని మెర్కాప్టాన్ అనే మందు కావాలని కలుపుతారు. ఊళ్ల కింద నుంచి పోయే పెద్ద పైపుల్లో గ్యాస్‌కి ఆ మందు ఉండదు. అయినా లీకుల మీద ముందే చెప్పామని ఊరివాళ్లు ఆనాడే అన్నారు. వాళ్ల మాట ఫిర్యాదుగానే మిగిలిపోయింది.

ఇంకో వాసన ఉంది. గోదావరికి ఎగువన, తెలంగాణలో మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. అణు రియాక్టర్లలో వాడే బరువు నీళ్లు అక్కడ తయారవుతాయి. ఆ పనికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఈ గ్యాస్‌కి ఒక పాడు గుణం ఉంది. కొద్దిగా ఉంటే వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. మనిషికి వాసన పోయిందనిపిస్తుంది, ప్రమాదం పోయిందనుకుంటాడు. అక్కడ ఏదో జరిగిందని నేననడం లేదు. ఆ గుణం గురించి చదివినప్పుడు నాకు మన స్టేషన్లూ కోర్టులూ గుర్తొచ్చాయి, అందుకని చెబుతున్నాను.

ఇక రేడియేషన్. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగో రియాక్టరు పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాట్ పట్నంలో పిల్లలు ఆ రోజంతా వీధుల్లో ఆడుకున్నారు. ఖాళీ చేయించింది మర్నాడు మధ్యాహ్నం. ప్రపంచానికి ఎలా తెలిసిందనుకున్నారు? 28వ తేదీ పొద్దున, వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరాన స్వీడన్‌లో, ఫోర్స్‌మార్క్ అనే అణుకేంద్రంలో ఒక ఉద్యోగి తనిఖీ యంత్రం మీంచి నడిస్తే గంట మోగింది. అతని బూట్లకి రేడియేషన్ అంటింది. తమ కేంద్రమే లీకైందేమోనని వాళ్లు హడలిపోయారు. గాలి ఎటునుంచి వచ్చిందో లెక్కేసుకుంటే సోవియట్ వైపు చూపించింది. ఆ సాయంత్రానికి గానీ మాస్కో నోరు విప్పలేదు. నోరు విప్పాక కూడా మే 1న కీవ్‌లో ఊరేగింపు ఆపలేదు.

ఆ బూట్ల మనిషి మీద స్వీడన్‌లో ఎవరూ కేసు పెట్టలేదు. ఆయన బూట్లని గుర్తు తెలియని పాదరక్షలని పంచనామా రాయలేదు.

రష్యాలో అలా కాదు. అలెగ్జాండర్ నికిటిన్ అని మాజీ నౌకాదళ అధికారి. అణు జలాంతర్గాముల వ్యర్థాలు ఉత్తర సముద్రాల దగ్గర ఎలా పోగుపడుతున్నాయో ఒక పర్యావరణ సంస్థ నివేదికకి రాసిచ్చాడు. 1996లో దేశద్రోహం కింద అరెస్టు చేశారు. నిర్దోషి అని తేలేసరికి 1999 డిసెంబరు. మధ్యలో పోయిన ఆ కాలాన్ని మా కోర్టు భాషలో "కేసు నడిచింది" అంటాం.

మరి మన దగ్గర? కూడంకుళం అణుకేంద్రానికి వెళ్దాం. తమిళనాడు కొసన, అప్పటి సోవియట్ వాళ్లతో 1988లో ఒప్పందం. జపానులో ఫుకుషిమా అణు ప్రమాదం చూశాక, అంటే 2011లో, ఇడింతకరై చర్చి ముందు బెస్తవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, నెలల తరబడి కూర్చున్నారు. అప్పటి ప్రధాని 2012లో ఒక సైన్సు పత్రిక ఇంటర్వ్యూలో ఈ గొడవ వెనక అమెరికా, స్కాండినేవియా డబ్బుతో నడిచే సంస్థలున్నాయన్నారు. చేపలు అమ్ముకునే ఆడవాళ్ల మీద పెట్టిన సెక్షన్ ఏమిటో తెలుసా? 124-ఎ, రాజద్రోహం. వేల మంది మీద. 2012 సెప్టెంబరులో జనం ప్లాంటు వైపు నడిస్తే బాష్పవాయువు, లాఠీలు, సముద్రంలోకి పరుగులు. అదే రోజు మణప్పాడులో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయాడు.

వేల మంది పేర్లు ఎఫ్ఐఆర్‌లో ఎలా పడతాయని మా జూనియర్లు అడుగుతారు. పడవు. నాలుగు పేర్లు రాసి "మరియు ఇతరులు" అని రాస్తారు. ఈ దేశంలో ఉద్యమాల నడుం విరిచింది లాఠీ కాదండీ, ఈ "ఇతరులు". నీ పేరు అందులో ఉందో లేదో నీకు తెలీదు. పాస్‌పోర్టుకి వెళ్తే తెలుస్తుంది, కొడుక్కి ఉద్యోగం వచ్చి విచారణకి కానిస్టేబులు వస్తే తెలుస్తుంది. రేపు ఇంకో ధర్నాకి వెళ్తే అప్పుడు ఆ ఖాళీలో నీ పేరు రాస్తారు. 2013 మే నెలలో సుప్రీంకోర్టు కూడంకుళం ప్లాంటుకి పచ్చజెండా ఊపుతూనే, ఆ క్రిమినల్ కేసులు ఎత్తేసే ప్రయత్నం చేయమంది. చాలా ఎత్తేశారు. అన్నీ కాదు.

మన తీరంలో శ్రీకాకుళం జిల్లా సోంపేట. 2010 జూలై 14. బీల భూములు అంటారు అక్కడ, చిత్తడి నేలలు, మన లంకల్లాగే నీళ్లూ గడ్డీ చేపా. కాగితాల్లో పనికిరాని భూమి అని రాసి థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. కాదన్నందుకు కాల్పులు, ఇద్దరు పోయారు. ఇక్కడే నా గుండె పట్టేస్తుంది. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. అక్కడ జనం చెప్పిందే నిజమైంది, ఇక్కడ దాన్ని చెప్పినవాళ్ల శవాలు లేచాయి. ఏడాది తిరక్కుండా అదే జిల్లా కాకరాపల్లిలో, ఇంకో థర్మల్ కేంద్రం దగ్గర, మళ్లీ కాల్పులు.

మన భీమవరం పక్కన తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు మాత్రం తక్కువా? ఆక్వా పార్కు మురుగు గొంతేరు కాలువలో కలుస్తుందని భయపడ్డారు. ఊళ్లకి ఊళ్లు 144 సెక్షన్ కింద ఉన్నాయి, ఆడవాళ్లు జైలుకి వెళ్లారు. ఆ గొడవ జరుగుతుండగానే 2017 మార్చిలో మొగల్తూరులో వేరే ఆక్వా ప్లాంటులో విషవాయువు పీల్చి ఐదుగురు కూలీలు చచ్చిపోయారు. దాని మీద నేను ఎక్కువ మాట్లాడను, మీ అందరికీ నాకంటే బాగా తెలుసు.

హింస అనే మాట గురించి ఒక్కటి చెప్పాలి. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో చూశాం. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. వందల మంది అరెస్టయ్యారు. ఏడాది లోపలే ఆ కేసులు ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఎత్తేయడం తప్పని నేననను, వాటిలో ఇరుక్కున్న కుర్రాళ్ల కోసం నేనూ బెయిళ్లు వేశాను. నా బాధల్లా వేరు. ఇళ్లు కాల్చిన కోపానికి ఓట్లున్నాయి, అది సర్కారుకి తొందరగా అర్థమైంది. నీళ్ల సీసా మాత్రం ఏ సర్కారుకీ గుర్తు రాలేదు, ఈ పార్టీకీ ఆ పార్టీకీ.

ప్రభుత్వాలే నేరుగా హింసకి దిగిన సందర్భం కూడా ఉంది. 1985 జూలై 10న ఆక్లండ్ రేవులో గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ రెయిన్‌బో వారియర్‌ని బాంబులు పెట్టి ముంచారు. ఫెర్నాండో పెరీరా అనే ఫొటోగ్రాఫరు చనిపోయాడు. పెట్టింది ఏ తీవ్రవాదులో కాదు, ఫ్రాన్సు గూఢచారులు. ఆ ఓడ చేసిన నేరం, మురురోవా దీవిలో అణుపరీక్షలకి అడ్డం వెళ్లబోవడం.

ఇప్పుడు యుద్ధంలో ఏం చూస్తున్నాం? 2022 మార్చిలో ఉక్రెయిన్‌లో జపొరీజియా అణుకేంద్రాన్ని రష్యా సైన్యం పట్టుకుంది. ఆరు రియాక్టర్లు. 2023 జూన్‌లో దాని దిగువనున్న కఖోవ్కా ఆనకట్ట తెగింది. రియాక్టర్లకి చల్లదనం ఇచ్చే నీళ్లు ఆ జలాశయానివే. అదృష్టం, అప్పటికి రియాక్టర్లు ఆపి ఉన్నాయి, పక్కన వేరే చెరువు ఉంది. ధవళేశ్వరం గేట్ల మీద బతికే మనకి ఆనకట్ట తెగడమంటే ఏమిటో వివరించక్కర్లేదు.

మన తీరానికి వస్తే, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో వెస్టింగ్‌హౌస్ వారివి ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు, పెట్టాలని ప్రతిపాదన. ఇంకా లేవలేదు. భోపాల్ గుర్తున్నందువల్ల 2010లో పార్లమెంటు అణు నష్టపరిహార చట్టంలో ఒక మాట పెట్టింది. పాడు యంత్రం అమ్మితే అమ్మినవాణ్ణి కూడా పట్టుకోవచ్చని. విదేశీ కంపెనీలకి అది నచ్చలేదు. 2025 డిసెంబరులో కొత్త చట్టం వచ్చి ఆ పాత చట్టాన్ని తీసేసింది, ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచింది. దాని పొట్టి పేరు "శాంతి". పేరు పెట్టినవాళ్లకి హాస్యం తెలుసు.

అణువిద్యుత్తు అంటే గుడ్డిగా వద్దనేవాణ్ణి కాదు నేను. బొగ్గు పొగ కూడా మనుషుల్ని చంపుతుంది. 2004 సునామీలో కల్పాక్కం పంపుహౌసులోకి సముద్రం వచ్చినా అక్కడివాళ్లు రియాక్టరుని సరిగ్గానే ఆపారు, ఆ పేరు వాళ్లకి దక్కాలి. కానీ 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ దగ్గర్నుంచి మన అణు వ్యవహారమంతా "చెప్పం" అనే మాట మీద నడిచింది. ఫుకుషిమాలో 15 మీటర్లకి పైగా అల రావచ్చని కంపెనీ సొంత లెక్కే 2008లో చెప్పింది. ఆ లెక్క లోపలే ఉండిపోయింది. లోపలివాడు చెప్పడు, బయటివాడు చెబితే ఏ-14 అవుతాడు. గంట మోగించేదెవరు మరి?

ఏ-14 దగ్గరికే వస్తాను. ఆ కేసు ఎనిమిదేళ్లు నడిచింది. వాయిదా రోజున ఆవిడ మొదటి బస్సుకే వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. వాయిదా చీటీ రొయ్యల మేత కవరులో చుట్టి దాచుకునేది. కాల్‌వర్కులో పేరు పిలవగానే "ఉన్నానండీ" అని గట్టిగా అరిచేది, బెంచి క్లర్కు నవ్వేవాడు. నాట్ల రోజుల్లో ఒకసారి రాలేదు, గైర్హాజరు మన్నించమనే 317 పిటిషను నేను వేయడం ఆలస్యమైంది, వారంటు వచ్చింది. ఆ తప్పు నాదే. ఆ రాత్రి స్టేషన్లో కూర్చోబెట్టారు ఆవిణ్ణి. నన్నొక్క మాట అనలేదు.

దర్యాప్తు అధికారి సాక్ష్యం చెప్పే రోజున ఎం.వో.1ని బల్ల మీద పెట్టారు. క్రాస్‌లో నేను, "ఇది ఏ ద్రవమో తెలుసుకునే ప్రయత్నం చేశారా?" అన్నాను. లేదన్నాడు. "ఇప్పుడు మూత తీసి వాసన చూస్తారా?" అన్నాను. ఆయన జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు గడియారం వైపు చూశారు.

చివరికి అందరూ నిర్దోషులన్నారు. తీర్పు ఆఖరి పేరాలో మామూలుగా ఉండే వాక్యమే ఉంది, అప్పీలు గడువు తీరాక ఎం.వో.1ని ధ్వంసం చేయాలని. దాన్ని తెలుగులో చెప్పాను ఆవిడకి. కాసేపు ఆలోచించింది.

"పోనీలే బాబూ, సీసాలకేం కరువు. వచ్చే నెల మళ్లీ మీటింగంట కదా?"

కరెంటు వచ్చినట్టుంది. ఎవరైనా ఆ ఫ్యాను వేయండి. ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.