నీలం నీళ్ల సంగతి

శ్రోతలకు నమస్కారం.

చికాగోలో అది నా మొదటి చలికాలం. హైవే మీద ముందు పోతున్న ట్రక్కు చక్రాల నుంచి బురద నీళ్లు లేచి నా కారు ముందు అద్దం మీద పడ్డాయి. మంచు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు నీళ్లన్నమాట. అలవాటుగా అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ లివర్ లాగాను. చుక్క రాలేదు. వైపర్లు మాత్రం ఆ ఉప్పును సున్నం కొట్టినట్టు అద్దమంతా పూసేశాయి. పక్క కిటికీ దించి, తల బయటపెట్టి, ఎలాగోలా రోడ్డు పక్కకు చేరాను.

తప్పు నాదే. హైదరాబాద్‌లో కారులో ఆ వాషర్ నీళ్ల డబ్బాలో కుళాయి నీళ్లు, మహా అయితే కాస్త షాంపూ పోసేవాణ్ణి. అక్కడ అది చాలు. ఇక్కడా అలాగే నీళ్లు నింపి, నవంబరులో పైపైన కొంచెం వాషర్ ఫ్లూయిడ్, అంటే షాపులో దొరికే ఆ అద్దం కడిగే నీలం నీళ్లు, కలిపి సరిపెట్టుకున్నాను. పాలల్లో నీళ్లు కలిపినట్టు దీంట్లో కలిపితే కుదరదు. సగానికి సగం కలిపితే చలిని తట్టుకునే బలం సగం కంటే ఎక్కువే తగ్గిపోతుంది.

ఆ బలం అందులో ఉండే మిథనాల్ అనే ఆల్కహాల్‌ది. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, మిథనాల్ మైనస్ 97 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. షాపులో డబ్బా మీద మైనస్ 20 అని ఉంటే అది ఫారెన్‌హీట్, అంటే మైనస్ 29 సెల్సియస్. ప్లస్ 32 అని ఉన్నది వేసవిలో పురుగుల మరకలు తుడవడానికి. చలి విషయంలో దానికీ మామూలు నీళ్లకీ తేడా లేదు. చవకగా ఉందని జనవరిలో అది కొనకండి.

అయితే డబ్బా మీది అంకెనూ పూర్తిగా నమ్మలేం. లోపల నీళ్లలా కదులుతున్నది అద్దం మీద పడగానే తెల్లటి పొరై కూర్చుంటుంది. కొత్త కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఇక్కడా అంతే. మిథనాల్ చప్పున ఆవిరైపోయి అద్దాన్ని ఇంకా చల్లబరుస్తుంది, మిగిలేది చాలా వరకు నీళ్లే. అందుకే ముందు హీటర్ గాలిని అద్దం మీదికి తిప్పి, అది కాస్త వేడెక్కాకే కొట్టాలి. మీ ఊళ్లో పడే చలి కంటే బాగా కింది అంకె ఉన్నదే కొనండి.

అక్టోబరులోనే పాతదంతా కొట్టి ఖాళీ చేసి కొత్తది నింపండి. ఆ తర్వాత రెండు మూడు సార్లు కొడితే పైపుల్లోకీ కొత్తది చేరుతుంది. అప్పటికే గడ్డకట్టిందా? లివర్ పదే పదే లాగకండి, పంపు మోటార్ కాలిపోవచ్చు. అద్దం మీద వేడినీళ్లు పోస్తే పగలొచ్చు. వెచ్చటి గరాజ్‌లో కొన్ని గంటలు ఉంచడమే మందు.

ఇంకో మాట. మిథనాల్ విషం. కొద్దిగా తాగినా కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. యూరప్‌లో 2019 నుంచి మామూలు జనానికి అమ్మే వాషర్ ఫ్లూయిడ్‌లో ఇది 0.6 శాతం లోపే ఉండాలి. అక్కడ ఎక్కువగా ఇథనాల్ వాడతారు. అమెరికాలో మాత్రం మన గరాజ్‌లో పిల్లలకు అందేంత ఎత్తులో, చూడ్డానికి షర్బత్‌లా నీలంగా ఉంటుంది. మిగిలింది నీళ్ల సీసాలో పోసి దాచకండి. ఎవరైనా మింగితే వెంటనే పాయిజన్ కంట్రోల్‌కు, అంటే విషం మింగినప్పుడు సలహా ఇచ్చే అమెరికా కేంద్రానికి, ఫోన్ చేయండి. స్పృహ తప్పితే అత్యవసర నంబరు 911కి. పాయిజన్ కంట్రోల్ నంబరు రాసుకోండి: 1-800-222-1222. మళ్లీ చెబుతున్నాను, 1-800-222-1222.