ఆగర్ బిట్ ఎక్కడ ఆగాలి: లోతు పట్టే పాత పనిముట్ల గురించి

అందరికీ నమస్కారం.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, జుమ్మేరాత్ బజార్‌లోనో చేత్తో తిప్పి చెక్కకు బెజ్జాలు వేసే పాత బ్రేస్ కొనుక్కున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారని ఇందాక చేతులెత్తినప్పుడు తెలిసింది. బ్రేస్‌తో పాటు దానికి బిగించే, మెలికలు తిరిగిన నాలుగైదు ఆగర్ బిట్లు కూడా దొరికి ఉంటాయి. కావలసిన లోతు రాగానే బిట్‌ను ఆపే డెప్త్ స్టాప్ మాత్రం దొరికి ఉండదు. అదెందుకో తెలియనివాళ్ల చేతిలో పడితే అది పాత ఇనుములో కలిసిపోతుంది. ఈ పూట ఆ చిన్న వస్తువు గురించే మాట్లాడతాను.

ముందు బిట్‌ను దగ్గరగా చూడండి. కొసన సన్నటి మర ఉంది. తిప్పుతుంటే అదే బిట్‌ను చెక్కలోకి లాక్కుపోతుంది. దాని వెనక రెండు ముళ్లు బెజ్జం అంచును గుండ్రంగా కోస్తాయి, రెండు పెదవులు చెక్కను పొరలుగా లేపుతాయి. పెదవులు పని మొదలుపెట్టేసరికే మర లోపలికి దిగి ఉంటుంది. అందుకే లోతు కొలవాల్సింది పెదవుల నుంచి, మర కొస నుంచి కాదు. ముప్పావు అంగుళం పలకలో అరంగుళం లోతు వేశారనుకోండి. పెదవులు సరిగ్గా ఆగినా, మర కొస అవతలి వైపు పొడుచుకొచ్చే ప్రమాదం ఉంది. ఏ స్టాప్ కూడా దాన్ని ఆపలేదు. అంత పలచటి పలకకు 1874లో పేటెంట్ పొందిన ఫోర్‌స్ట్నర్ రకం బిట్ మేలు, దానికి పొడవాటి మర ఉండదు.

ఆగర్ బిట్ కాడ మీద అంకె సాధారణంగా బిట్ వెడల్పును అంగుళంలో పదహారో వంతుల్లో చెబుతుంది. 8 అంటే అరంగుళం. మన మేస్త్రీలకు అంగుళానికి 8 సూతులు కదా, ఆ అంకెను సగం చేస్తే సూతులు వచ్చేస్తాయి.

ఇక స్టాప్‌లు. అమెరికాలో న్యూ బ్రిటన్ ఊరి స్టాన్లీ కంపెనీ 47, 49 నంబర్లతో బిట్ గేజ్‌లు అమ్మింది. ఇలా బిగించే రకాలన్నిటిదీ ఒకటే పద్ధతి: లోహపు ముక్కలు బిట్ మెలికను పట్టుకుంటాయి, మరలు బిగిస్తాం, కావలసిన లోతు రాగానే కింది అంచు చెక్కకు తగులుతుంది. బిగించేటప్పుడు బిట్ రకం చూసుకోవాలి. రస్సెల్ జెన్నింగ్స్ 1855లో పేటెంట్ తీసుకున్న బిట్‌కు జంట మెలిక, కాబట్టి స్టాప్‌కు ఆనుకునే అంచులు ఎక్కువ. ఇర్విన్ రకానికి నడుమ గట్టి ఇరుసు, దాని చుట్టూ ఒకే మెలిక. దాని మీద స్టాప్ వంకరగా కూర్చోవచ్చు. ఒక పక్కే ముందుగా తగిలితే లోతు తగ్గుతుంది, చెక్క మీద గీతా పడుతుంది.

పొట్టు సంగతి కూడా చూసుకోవాలి. ఆగర్ పొట్టును పైకి తోస్తుంది. అది స్టాప్ కింద ఇరుక్కుంటే, లోతు రాకముందే తగిలినట్టు అనిపిస్తుంది. చివరి రెండు మూడు తిప్పుళ్లకు ముందు ఆగి ఊదేయండి.

ఇంత చెప్పినా, నాకు అన్నిటికన్నా నచ్చింది చెక్క గొట్టమే. ఒక చెక్కముక్కకు అదే బిట్‌తో నిలువునా బెజ్జం వేసి బిట్‌కు తొడగడం, అంతే. బ్రేస్‌లో బిట్‌ను పట్టుకునే చక్ దవడల నుంచి పెదవుల దాకా 7 అంగుళాలుండి, 2 అంగుళాల లోతు కావాలంటే ముక్క 5 అంగుళాలు. దవడలు ముక్కకు ఆనగానే బిట్ ఆగిపోతుంది. ముక్కను చేత్తో పట్టుకుంటే అది తిరగదు, పని మీద వలయం పడదు. ఒకే లోతుకు ఇరవై బెజ్జాలుంటే దీన్ని మించింది లేదు. లోతు మారినప్పుడల్లా కొత్త ముక్క కోసుకోవాలి, అక్కడే లోహపు స్టాప్ గెలుస్తుంది. బిట్‌కు టేపు చుట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పొట్టు దాన్ని పైకి నెట్టేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు.

ఏదీ లేనప్పుడు తిప్పుళ్లు లెక్కపెట్టండి. మర ప్రతి తిప్పుకూ ఒకే దూరం లాగుతుంది. పెదవులు చెక్కను అందుకున్నాక, అదే చెక్క తుంటలో ఎనిమిదిసార్లు తిప్పి లోతు కొలిస్తే లెక్క దొరుకుతుంది. మర గాడుల్లో పొట్టు పేరుకుంటే పట్టు తప్పుతుంది, తుడుస్తూ ఉండాలి.

ఈ లోతు పట్టింపు ఎందుకంటారా? పట్టె మంచం కోడును తీసుకోండి. పక్కపక్క ముఖాల నుంచి రెండు పట్టెల కుసులు, అంటే సన్నగా చెక్కిన కొసలు, లోపలికి దిగుతాయి. ఆ కుసుల బెజ్జాలకు ముందు ఆగర్‌తోనే చెక్క తీసేస్తాం. ఒకటి సూతు ఎక్కువ దిగినా రెండోదానిలోకి తెరుచుకోవచ్చు. కోడు బలమంతా రెండు బెజ్జాల మధ్య మిగిలిన చెక్కలోనే ఉంది. ద్వారబంధంలో గడియ దిగే బెజ్జం అలా కాదు, కాస్త లోతైనా తలుపు పడుతుంది. ఏ పనికి ఎంత జాగ్రత్త కావాలో తేల్చుకున్నాకే స్టాప్ బిగించండి.

స్టాప్ తగిలాక బలంగా తిప్పకండి. ముందుకు పోలేని మర చెక్క నారను చీల్చేస్తుంది. ఒకటి రెండు చుట్లు వెనక్కి తిప్పి మరను వదిలించి, మళ్లీ ముందుకు తిప్పుతూ పైకి లాగితే పొట్టుతో సహా వచ్చేస్తుంది.

పక్క బల్ల మీద టేకు, వేప తుంటలున్నాయి. రెండు లోహపు స్టాప్‌లు, నాలుగు చెక్క గొట్టాలు పెట్టాను. మీ బ్రేస్‌లు తీసుకురండి, ముందుగా టేకు మీద అంగుళంన్నర లోతుతో మొదలుపెడదాం.