కారణం: సొంత పని
(గాజువాక మేడే సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకీ, ఇంత ఎండలో నిలబడ్డ మీ అందరికీ మేడే శుభాకాంక్షలు. నన్ను ఎనిమిది గంటల పనిదినం గురించి మాట్లాడమన్నారు. 1886 నాటి షికాగో సంగతి నాకంటే ముందు ఇద్దరు చెప్పారు, బాగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలూ ఇంకో విషయానికి వాడుకుంటాను. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి సెలవు.

ఈ ఆటోనగర్‌లోనే ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను. సెలవు చీటీలన్నీ నా చేతి మీదుగానే పోయేవి. మా నాన్నగారు పోయినప్పుడు మేనేజరుగారు 12 రోజులు ఇచ్చారు. పెద్దకర్మ నాడు ఇంటికొచ్చి భోంచేసి వెళ్లారు. మంచి మనిషి. ఆ మాట మరిచిపోవద్దు, ఎందుకంటే తర్వాత చెప్పేది కూడా ఆయన గురించే.

1994లో మా పాప పోయింది. ఆరేళ్లది. మెదడువాపు. జ్వరం వచ్చిన అయిదో రోజుకే అయిపోయింది. పూడ్చిపెట్టాం. మూడోనాడు వెళ్లి పాలు పోసి వచ్చాం. మా వాళ్లలో చిన్నపిల్లలకి అంతే, పెద్దకర్మ ఉండదు, భోజనాలుండవు, కార్డులు కొట్టించరు. సెలవు అడిగితే మేనేజరుగారు నా భుజం మీద చెయ్యేసి అన్నారు: "చిన్నపిల్ల కదయ్యా, కర్మలేవీ ఉండవు కదా. సోమవారం వచ్చెయ్, పనిలో పడితే మర్చిపోతావు."

80 ఏళ్లు బతికి వెళ్లిన నాన్నకి 12 రోజులు. ఆరేళ్ల పిల్లకి మూడు రోజులు. ఆయన తంతును బట్టి దుఃఖాన్ని లెక్కేశారు. నేనూ సరేనండీ అన్నాను. చీటీలో కారణం అన్నచోట ఏం రాశానో తెలుసా? "సొంత పని". అందరూ రాసేదే, అలవాటుగా చెయ్యి అదే రాసేసింది.

సోమవారం వెళ్లాను. ఇంట్లో మా ఆవిడ ఒక్కతే. ఆ రోజు బీ షిఫ్టు హాజరంతా సీ షిఫ్టు గళ్లలో వేశాను. నాది కలం కాబట్టి కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. అదే రేకులు నొక్కి కోసే పవర్ ప్రెస్ మీద ఉన్నవాడైతే వేళ్లు పోయేవి. ఆ వారంలోనే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఫారాల పని పడింది. కుటుంబసభ్యుల పేర్లలో మార్పులుంటే రాసి పంపేది నేనే. పేరు, సంబంధం కూతురు, వయసు 6. ఆ వరస మీద నేనే గీత గీశాను.

1948 ఫ్యాక్టరీల చట్టం ఏం చెప్పింది? 20 రోజుల పనికి ఒక రోజు సెలవు. 15 రోజుల ముందు దరఖాస్తు. జబ్బు చేస్తే ఆ గడువు అక్కర్లేదని కూడా రాశారు. చావు మాట రాయలేదు. అమ్మా, అయ్యా, పిల్ల పోతుందని 15 రోజుల ముందు ఎవరికి తెలుస్తుంది?

1961 ప్రసూతి చట్టంలో గర్భస్రావమైతే తల్లికి ఆరు వారాలు అని రాశారు. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకి 60 రోజులు ఇచ్చింది, కాన్పులోనే బిడ్డ పోయినా, పుట్టిన 28 రోజుల్లోపు పోయినా. మంచిదే. 29వ రోజు పోతే? తండ్రికి? ప్రైవేటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మకి?

బ్రిటన్‌లో లూసీ హెర్డ్ అని ఒక తల్లి. 2010లో ఆమె కొడుకు జాక్ ఇంటి తోటలోని నీటిగుంటలో పడి పోయాడు. రెండేళ్లు కూడా నిండలేదు. తండ్రికి మూడు రోజులే ఇచ్చారు, అందులో ఒకటి అంత్యక్రియలకే. ఆమె ఈ సెలవు హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగింది. 2018లో చట్టమైంది, 2020 ఏప్రిల్ 6న అమల్లోకొచ్చింది. 18 ఏళ్లలోపు బిడ్డ పోతే తల్లికీ తండ్రికీ చెరి రెండు వారాలు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచే ఆ సెలవు హక్కు. రెండు వారాలూ ఒకేసారి వాడుకోనక్కర్లేదు, బిడ్డ పోయిన 56 వారాల లోపల ఎప్పుడైనా తీసుకోవచ్చు. అంటే సంవత్సరీకం రోజు కూడా అందులోకొస్తుంది! మా పాప మొదటి సంవత్సరీకం నాడు నేను ఓవర్‌టైమ్‌లో ఉన్నాను. ఆ చట్టం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

ఇక్కడ బిడ్డని పోగొట్టుకున్నవాళ్లుంటారు. చెయ్యెత్తమని అడగను. చీటీలో మీరేం రాశారో నాకు తెలుసు, అవి తీసుకున్నది నేనే.

కార్యదర్శిగారూ, వచ్చే వేతన ఒప్పందానికి డిమాండ్ల పత్రం రాస్తున్నారట. పక్కకి చూడకండి, కలం తియ్యండి. 15 రోజులు, జీతంతో. ఈఎల్‌లో, అంటే పనిచేసి సంపాదించుకున్న సెలవులో, కొయ్యకుండా. ముందస్తు దరఖాస్తు లేకుండా. తండ్రికి కూడా. కాంట్రాక్టు వాళ్లకి కూడా. రాశారా? ఒకసారి మైకులో చదవండి, వింటాను.