షుగర్ చూసుకునే ముందు చేయి కడుక్కోండి

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు షుగర్ మిషన్ గురించి మాట్లాడుకుందాం. సైన్సువాళ్లు దీన్ని బయోసెన్సర్ అంటారు, అంటే జీవుల నుంచి తీసిన పదార్థంతో ఒక రసాయనాన్ని పట్టుకుని కొలిచే పరికరం. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ ఈ ఆలోచనకు దారి వేశాడు, 1987 నాటికి అది పెన్ను సైజుకు దిగి ఇళ్లలోకి వచ్చింది. కూరగాయల మీద మిగిలిన పురుగుమందును, నీళ్లలో కలిసిన విషాలను పట్టుకునే సెన్సర్లు కూడా ఈ వంశానివే, కానీ ఇంటింటికీ చేరింది మాత్రం షుగర్ మిషనే.

అసలు పని అంతా స్ట్రిప్పులో జరుగుతుంది. దాని కొసన సన్నని సందు ఉంటుంది, రక్తం తగిలితే అదే లోపలికి పీల్చుకుంటుంది. లోపల ఎండబెట్టిన ఎంజైమ్ ఉంటుంది, అంటే రసాయన మార్పును చకచకా జరిపించే ప్రోటీన్. చాలా స్ట్రిప్పుల్లో అది గ్లూకోజ్ ఆక్సిడేజ్. మన ఇళ్లలో ఎర్రగడ్డల మీద నల్లగా పడుతుందే బూజు, ఆ జాతి నుంచే దీన్ని తీస్తారు, నాకైతే ఇది ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్‌ను ఈ ఎంజైమ్ పట్టుకుని దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది, పక్కనే ఉన్న ఇంకో రసాయనం వాటిని ఎలక్ట్రోడ్ దాకా, అంటే స్ట్రిప్పులో కరెంటు అందుకునే పట్టీ దాకా మోసుకెళ్తుంది, మిషన్ ఆ కరెంటును కొలుస్తుంది. గ్లూకోజ్ ఎక్కువైతే కరెంటు ఎక్కువ, అంతే.

మా మేనత్త వాళ్లకు బంగారుపాళెం దగ్గర మామిడి తోట ఉంది. బేనీషా పండ్లు కోతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఆమె ఫోన్ చేసి, "నాయనా, 286 చూపిస్తా ఉంది, రాత్రి రాగిసంకటి తప్ప ఏమీ తినలేదే, మాత్ర ఇంకోటి వేసుకోనా?" అని ఒకటే టెన్షన్. "అత్తా, మాత్ర జోలికి పోవద్దు, ఇంతకుముందు ఏం చేస్తా ఉండావు?" అంటే, పిల్లోళ్లకు పండ్లు చెక్కు తీసి ఇచ్చి, వేలు చీరకొంగుకు తుడుచుకుని పొడుచుకుందట. సబ్బుతో కడుక్కుని, బాగా ఆరబెట్టుకుని మళ్లీ చూడమన్నాను. 131.

ఎందుకింత తేడా? స్ట్రిప్పు తీసుకునేది సుమారు అర మైక్రోలీటరు రక్తం. షుగర్ 100 ఉంటే అందులో ఉండే గ్లూకోజ్ గ్రాములో 20 లక్షలో వంతు! మామిడి రసంలోనూ గ్లూకోజ్ ఉంటుంది, వేలి మీద కంటికి కనపడని జిడ్డు మిగిలినా చాలు, లెక్క తలకిందులవుతుంది. అది రక్తంలోదా పండులోదా అని ఎంజైమ్‌కు తెలియదు కదా, గ్లూకోజ్ కనపడితే పట్టుకోవడమే దాని పని.

స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. 2011లో జపాన్ పరిశోధకులు పండ్లు ఒలిచిన వేళ్లతో పరీక్షించి చూశారు, స్పిరిట్‌తో గట్టిగా తుడిచినా అంకె ఎక్కువే వచ్చింది, నీళ్లతో కడిగాక సరిగ్గా వచ్చింది.

అందుకే మళ్లీ చెప్తున్నా, చేయి కడుక్కోండి. పండు కోసినా, బెల్లం ముట్టుకున్నా, గుడి నుంచి తెచ్చిన లడ్డు పంచినా కడుక్కోండి. తడి లేకుండా ఆరాకే పొడుచుకోండి, నీళ్లు కలిస్తే అంకె తగ్గి కనపడుతుంది. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత గట్టిగా పెట్టండి, తేమ తగిలితే లోపలి ఎంజైమ్ పాడవుతుంది. ఎప్పుడూ లేనంత పెద్ద అంకె వస్తే కడుక్కుని ఇంకోసారి చూసుకోండి, అప్పుడూ అంతే ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి.