టేపులు పంచుకున్నవాళ్ల మాటలు

శ్రోతలందరికీ నమస్కారం. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక రాక్ బృందం ఉండేది. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, గిటారిస్టు జెర్రీ గార్సియా 1995లో చనిపోయేదాకా ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి రెండు వేలకు పైగా కచేరీలు చేసింది. వాళ్ల అభిమానుల్ని డెడ్‌హెడ్స్ అంటారు. ఇవాళ నేను చెప్పేది ఆ అభిమానుల మాటల గురించి. వాటిలో చాలా మాటలు ఒకరికొకరు ఏదో ఇచ్చుకోవడంలోంచే పుట్టాయి, నాకు అదే అపురూపం.

ఈ బృందం ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించేది కాదు. పాటల వరస మారిపోయేది, నిన్న క్లుప్తంగా ముగిసిన పాట ఇవాళ ఎటెటో తిరిగి ఇరవై నిమిషాలు సాగేది. అందుకని జనం మైకులు, రికార్డర్లు మోసుకొచ్చి కచేరీ మొత్తం టేపు చేసుకునేవాళ్లు. వాళ్లు టేపర్లు. బృందం వాళ్లని తరిమెయ్యలేదు సరికదా, 1984లో సౌండ్‌బోర్డు, అంటే కచేరీ శబ్దాన్ని అదుపు చేసే మిక్సర్ బల్ల, దాని వెనకాల వాళ్ల కోసమే చోటు కేటాయించింది. షరతు ఒక్కటే, టేపులు అమ్ముకోకూడదు. అయినా ఇంకా మంచి శబ్దం కోసం కొందరు మెల్లగా బోర్డు ముందుకి చేరేవాళ్లు. అలా తీసిన టేపు ఎఫ్‌ఓబీ, అంటే ఫ్రంట్ ఆఫ్ బోర్డ్.

నేరుగా ఆ మిక్సర్ నుంచి తీసింది ఎస్‌బీడీ, అంటే సౌండ్‌బోర్డు. జనం మధ్య మైకు పెట్టి తీసింది ఆడ్, అంటే ఆడియన్స్. ఎస్‌బీడీలో ప్రతి వాయిద్యం స్పష్టంగా వినిపిస్తుంది, ఎక్కువమంది దాని కోసమే వెతికేవాళ్లు. నాకు మాత్రం మంచి ఆడ్ ఇష్టం, పాట మొదటి రెండు స్వరాలు పడగానే ఏం పాటో గుర్తుపట్టి హాలంతా ఒక్కసారి కేక వేయడం అందులోనే వినగలం. తొంభై నిమిషాల క్యాసెట్ కాబట్టి నలభై ఐదు నిమిషాలకు తిప్పాలి. పాట మంచి ఊపులో ఉండగా శబ్దం తెగి, ఓ క్షణం ఖాళీ, మళ్లీ అందుకుంటుంది. ఆ ఖాళీలో చీకట్లో టేపు తిప్పుతున్న ఒక మనిషి చేతులున్నాయి.

టేపు నుంచి టేపుకి కాపీ చేసిన కొద్దీ వెనకాల బుస పెరుగుతుంది, అందుకే ఎన్నో జనరేషన్, అంటే అసలు టేపు నుంచి ఎన్నో కాపీ అని అడిగేవాళ్లు. టేపుకి టేపు మార్చుకునేవాళ్లు సరే, చేతిలో మార్చుకోవడానికి ఒక్క టేపూ లేని కొత్తవాళ్ల మాటేమిటి? వాళ్ల కోసం పుట్టిందే బ్లాంక్స్ అండ్ పోస్టేజ్. ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా ఖర్చు పంపితే చాలు, ముక్కూమొహం తెలియని ఎవరో కూర్చుని కాపీ చేసి పంపేవాళ్లు. అది ఇంకాస్త పెద్దదైతే ట్రీ, చెట్టు. ఒకరు కొన్ని కొమ్మలకిస్తే, ఆ కొమ్మలు ఆకులకి.

కచేరీలకు పేర్లుండవు, తేదీలే పేర్లు. ఐదు, ఎనిమిది, డెబ్బై ఏడు అంటే చాలు, 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో జరిగిన కచేరీ అని డెడ్‌హెడ్‌కి తెలిసిపోతుంది, నెల ముందు చెప్పడం అమెరికా పద్ధతి కదా. బృందం రికార్డింగ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్ తీసిన టేపది. ఆవిడ తీసినవన్నీ బెట్టీ బోర్డ్స్.

అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట మిరకిల్, అంటే అద్భుతం. టికెట్ దొరకనివాళ్లు హాలు బయట ఒక వేలు పైకెత్తి నిలబడతారు, నాకో మిరకిల్ కావాలి అని. ఎవరో పక్కనుంచి నడుస్తూ, దగ్గరున్న అదనపు టికెట్ డబ్బు తీసుకోకుండా ఆ చేతిలో పెట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోతారు. లోపలికొచ్చినవాళ్లు పక్కవాళ్లతో టికెట్ దొరికింది అనరు, నన్ను మిరకిల్ చేశారు అంటారు.